అమెరికన్ గవర్నమెంట్ క్లాసులో సివిల్ లిబర్టీస్, సివిల్ రైట్స్: తేడా పిల్లలకు పట్టేలా ఎలా చెప్పాలి?

పల్నాడు టీచర్ | శనివారం ఉదయం

అందరికీ నమస్కారం. నరసరావుపేట దగ్గర ఒక హైస్కూల్లో 11 ఏళ్లు సోషల్ చెప్పాను. ఇప్పుడు డాలస్ దగ్గర పబ్లిక్ స్కూల్లో పన్నెండో తరగతికి అమెరికన్ గవర్నమెంట్ చెబుతున్నాను. టెక్సాస్‌లో ఇది ఒక్క సెమిస్టర్ సబ్జెక్టు. రాజ్యాంగం, కాంగ్రెస్, ప్రెసిడెంటు, కోర్టులు, ఎన్నికలు అన్నీ అందులోనే సర్దాలి. సివిల్ లిబర్టీస్, సివిల్ రైట్స్ రెండింటికీ కలిపి నాకు మిగిలేది మూడు వారాలు.

పోయిన సెమిస్టర్‌లో నిర్వచనాలతో మొదలుపెట్టాను. బోర్డు మధ్యలో గీత గీసి ఎడమ పక్క లిబర్టీస్, కుడి పక్క రైట్స్ అని రాశాను. పిల్లలు నీట్‌గా ఎక్కించుకున్నారు. పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను. 1960 ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి కాలేజీ కుర్రాళ్లు వూల్‌వర్త్ స్టోర్‌లో లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుంటే కాఫీ పోయలేదు. రాజ్యాంగంలో ఏ సవరణను ఉల్లంఘించినట్టు? సగానికి పైగా ఒకటో సవరణ (వాక్ స్వేచ్ఛ, మత స్వేచ్ఛ) అని రాశారు. కొందరు 14వ సవరణ (రాష్ట్రాలు అందరినీ సమానంగా చూడాలి అనేది) అన్నారు. కాఫీ పోయనిది దుకాణం కదా, ప్రభుత్వం కాదు కదా అని ఒక్కరూ అడగలేదు. అంటే నా పాఠం వాళ్ల నోటుబుక్కు దాకా వెళ్లింది, అంతకు మించి వెళ్లలేదు.

ఈసారి మళ్లీ అలా కాకూడదు. వచ్చే సోమవారం యూనిట్ మొదలు. మీలో టీచర్లు, లాయర్లు, ఇక్కడ చదువుకున్న పిల్లలు ఉన్నారు కదా, కాస్త దారి చెప్పండి.

హన్మకొండ వకీలు | శనివారం

టీచర్ గారూ, ఈ తికమక ముందు మన భాషలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ సివిల్ లిబర్టీస్ కమిటీ అని ఇంగ్లిషులో పేరు. తెలుగులో అదే సంస్థను పౌరహక్కుల సంఘం అన్నాం. కన్నబిరాన్ గారు, బాలగోపాల్ గారు ఆ సంఘం తరఫున ఎన్‌కౌంటర్ చావుల మీద కోర్టులకెక్కారు. అమెరికా పాఠ్యపుస్తకం లెక్కలో అది అచ్చంగా సివిల్ లిబర్టీస్ పని: విచారణ లేకుండా ప్రాణం తీయకు అని ప్రభుత్వాన్ని నిలదీయడం. మనం దాన్నీ హక్కులే అన్నాం, అంటరానితనం మీద పోరాటాన్నీ హక్కులే అన్నాం. అందులో తప్పేం లేదు, కానీ అమెరికన్ క్లాసులో విడదీయక తప్పదు.

నేను జూనియర్లకు చెప్పే పద్ధతి ఒకటుంది. కేసు చదవగానే రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. ఫిర్యాదు ఎవరి మీద? సర్కారును ఏం చెయ్యమంటున్నాడు? "నా మీద చెయ్యి తియ్యి" అంటే లిబర్టీ. "వాడు నన్ను నెట్టేస్తున్నాడు, నువ్వొచ్చి అడ్డుకో" అన్నా, "అందరితో సమానంగా నన్నూ చూడు" అన్నా సివిల్ రైట్స్. ఇది గీత గీసినట్టు కుదరదు. 1954 బ్రౌన్ కేసులో పిల్లల్ని వేరు చేసింది సర్కారీ బడే, అయినా అది సివిల్ రైట్స్ కేసు, ఎందుకంటే అడిగింది సమానత్వం. రెండు ప్రశ్నలూ కలిపి అడిగితేనే జవాబొస్తుంది.

ఇంకోమాట. మీ లంచ్ కౌంటర్ ప్రశ్నలో ఒక మెలిక ఉంది. వేరుగా కూర్చోబెట్టమని ఊరి ఆర్డినెన్సే చెబుతుంటే అప్పుడది దుకాణం పని మాత్రమే కాదు, ప్రభుత్వం పని కూడా. 1963లో సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్ నుంచి వచ్చిన పీటర్సన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే కారణంతో లంచ్ కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ల శిక్షలు కొట్టేసింది. తెలివైన పిల్లలు ఎవరైనా అడగొచ్చు, సిద్ధంగా ఉండండి.

ఎడిసన్ నాన్న | శనివారం రాత్రి

మా అమ్మాయి న్యూజెర్సీలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) గవర్నమెంట్ కోర్సు చదువుతోంది. మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు 14 కార్డులున్నాయి, తప్పనిసరి సుప్రీంకోర్టు కేసులు. మొదట 15 ఉండేవట, అబార్షన్ హక్కు ఇచ్చిన రో కేసును 2022లో కోర్టే కొట్టేశాక దాన్ని తీసేశారు. పసుపు కార్డు మీద ఎంగెల్, 1962. గులాబీ కార్డు మీద యోడర్, 1972. అన్నం తింటూ నేను పేరు చెబితే తను సంవత్సరం చెబుతుంది, ఒక్కటీ తప్పు పోదు. మొన్న ఊరికే అడిగాను, ఆ యోడర్ ఎవరమ్మా, ఏమైంది అని. కాసేపు ఆలోచించి "మతం" అంది. అంతే.

ఆ పరీక్షలో ఒక ప్రశ్న ఎలా ఉంటుందంటే, లిస్టులో లేని కొత్త కేసు ఇచ్చి, తెలిసిన కేసుతో పోల్చమంటారు. సంవత్సరాలు దానికి పనికి రావు. ఆమిష్ అనే క్రైస్తవ శాఖకు చెందిన తండ్రులు ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపం, మా మతం ఒప్పుకోదు అంటే విస్కాన్సిన్ ఐదు డాలర్ల జరిమానా వేసిందని, ఆ ఐదు డాలర్ల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని చెప్పాక మా అమ్మాయి భోజనం ఆపి విన్నది. మీరు కథతో మొదలుపెట్టండి మేడం. నిర్వచనం దానంతటదే వస్తుంది.

పల్నాడు టీచర్ | ఆదివారం

వకీలు గారూ, "ఎవరి మీద, ఏం చెయ్యమని" అనేది బోర్డు మీద మూడు వారాలూ చెరపకుండా ఉంచుతాను. ఎడిసన్ అన్నగారూ, నిజం. కథ ముందు.

కానీ ఒకచోట కథ కూడా సాయపడటం లేదు. సెలెక్టివ్ ఇన్‌కార్పొరేషన్, అంటే మొదటి పది సవరణల్లోని హక్కులను కోర్టు ఒక్కొక్కటిగా రాష్ట్రాలకూ వర్తింపజేయడం. మొదటి పది సవరణలు 1791 నుంచీ ఉన్నాయి కదా, మరి రాష్ట్రాలు వాటిని ఎందుకు పట్టించుకోలేదు అని పిల్లలు అడుగుతారు. నేను చెప్పేది నాకే పొడిగా ఉంటుంది.

చీరాల మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం

అమ్మా, నేను 34 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి దగ్గరికి వర్జీనియా వచ్చినప్పుడు ఇక్కడి పుస్తకాలు చదవడం అలవాటైంది.

నువ్వు అడిగినదానికి కథ ఉందమ్మా. బాల్టిమోర్‌లో బారన్ అనే ఆయనకు పడవల రేవు ఉండేది. ఊరి వాళ్లు రోడ్లు వేస్తూ వాగుల్ని మళ్లించారు. ఇసుక మేట వేసి రేవు పూడిపోయింది, పెద్ద పడవలు రావడం మానేశాయి. నా ఆస్తి పాడు చేశారు, ఐదో సవరణ ప్రకారం పరిహారం ఇవ్వండి అన్నాడు. 1833లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ సవరణ వాషింగ్టన్ ప్రభుత్వాన్ని కట్టడి చెయ్యడానికే, రాష్ట్రాలకు వర్తించదు అంది. బోర్డు మీద రెండు ఇళ్లు గియ్యి. ఒకటి ఫెడరల్ ప్రభుత్వం, ఒకటి రాష్ట్రం. పది తాళాలూ మొదటి ఇంటికే వెయ్యి. 1868లో 14వ సవరణ వచ్చింది. ఆ తర్వాత రెండో ఇంటికి ఒక్కో తాళం వేస్తూ వచ్చారు: 1925లో గిట్లో కేసుతో వాక్ స్వాతంత్ర్యం, 1963లో గిడియన్‌తో లాయరును పొందే హక్కు, 2010లో మెక్‌డొనాల్డ్‌తో తుపాకీ ఉంచుకునే హక్కు. ఒక్కో తాళం పిల్లల్నే వచ్చి గియ్యమను.

ఇక లంచ్ కౌంటర్. నా చిన్నప్పుడు మా ఊరి టీ కొట్టులో బల్ల మీద ఉండే గ్లాసులు కొందరివి. చూరుకు కొట్టిన మేకుకు తగిలించిన గ్లాసులు ఇంకొందరివి. తాగినాక వాళ్లే కడిగి మళ్లీ అక్కడే తగిలించాలి. నా పక్కన కూర్చుని చదువుకునే కుర్రాడు, క్లాసులో లెక్కల్లో నాకన్నా ముందుండేవాడు, టీ కొట్టు దగ్గరకొచ్చేసరికి చూరు వైపు చెయ్యి చాచేవాడు. కాయితం మీద మన రాజ్యాంగం 1950 నుంచే దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరు పెట్టి మరీ 15(2)లో రాసింది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. ప్రైవేటు మనిషి చేసినా నేరమే.

అమెరికా రాజ్యాంగంలో ఆ మాట లేదు. 1875లో కాంగ్రెస్ హోటళ్లు, రైళ్లలో వివక్ష కూడదని చట్టం చేస్తే, 1883లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 14వ సవరణ రాష్ట్రాలను కట్టడి చేస్తుంది గానీ హోటల్ యజమానిని కాదు అంది. అందుకే 1964 సివిల్ రైట్స్ చట్టం వచ్చినప్పుడు ప్రభుత్వం వేరే దారి పట్టింది. అట్లాంటాలో 216 గదుల మోటెల్ నల్లజాతి వాళ్లకు గది ఇవ్వనంటే, రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని నియంత్రించే అధికారం కాంగ్రెస్‌కు ఉంది, ఆ మోటెల్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది బయటి రాష్ట్రాల వాళ్లు, కాబట్టి చట్టం చెల్లుతుంది అని అదే ఏడాది డిసెంబరులో తీర్పు ఇచ్చారు. మనిషి గౌరవం గురించిన చట్టం కామర్స్ క్లాజు మీద నిలబడింది. ఇది ఎప్పుడు తలచుకున్నా నాకు మనసు కలుక్కుమంటుంది.

కొలంబస్ అమ్మ | ఆదివారం రాత్రి

మాస్టారూ, మీ పోస్టు మా ఇంట్లో చదివి వినిపించాను.

నాకు ఒక సందేహం, కొంచెం టెన్షన్ కూడా. మా వాడు నాలుగో తరగతి. పొద్దున్నే బడిలో అమెరికా జెండాకు విధేయత ప్రకటించే ప్లెడ్జ్ చెప్పేటప్పుడు వాడు లేచి నిలబడతాడు కానీ నోరు విప్పడు. "నేను ఇండియా సిటిజన్ని కదమ్మా, ఆ మాట ఎలా చెప్పను?" అంటాడు. వాడికి మేము నేర్పిందేం లేదు. పోయిన వారం సబ్‌స్టిట్యూట్ టీచర్ వాడిని వరండాలో నిలబెట్టారట. ఇంటికొచ్చి చెప్పలేదు, పక్కింటి పాప చెప్పింది. మేం వీసా మీద ఉన్నాం. గొడవ చేస్తే ఏమవుతుందో అని మా ఆయన వద్దంటున్నారు.

హన్మకొండ వకీలు | ఆదివారం రాత్రి

అమ్మా, ఇందులో మీ అబ్బాయి చేసిన తప్పేమీ లేదు. పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్‌లో 1935లో ఇద్దరు పిల్లలు, పన్నెండేళ్ల అక్క, పదేళ్ల తమ్ముడు, జెండాకు సెల్యూట్ చెయ్యలేదు. వాళ్లు యెహోవా సాక్షులు, జెండాకు వందనం చెయ్యడం తమ మతానికి విరుద్ధమనే క్రైస్తవ శాఖ. బడి గెంటేసింది. 1940లో సుప్రీంకోర్టు బడి వైపే నిలబడింది, 8-1తో. ఆ తర్వాత చాలా చోట్ల యెహోవా సాక్షుల మీద మూకదాడులు జరిగాయి. మూడేళ్లకే, యుద్ధం జోరుగా సాగుతుండగానే, కోర్టు తన మాట తనే వెనక్కు తీసుకుంది. వెస్ట్ వర్జీనియా వర్సెస్ బార్నెట్. జెండా వందనం, ప్లెడ్జ్ ఎవరిచేతా బలవంతంగా చేయించకూడదు అని జస్టిస్ జాక్సన్ రాశారు.

మనవాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులు, వాళ్లూ యెహోవా సాక్షులే, జనగణమన వచ్చినప్పుడు మర్యాదగా నిలబడ్డారు కానీ పాడలేదు. బడి పంపేసింది. కేరళ హైకోర్టు పిల్లలకు వ్యతిరేకంగా చెప్పింది. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. ఆ తీర్పులో ఆయన ఈ అమెరికా జెండా కేసుల్ని చర్చించారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచబరచొద్దు అని ముగించారు.

టీచర్ గారూ, ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టండి. క్లాసులో దీనికి మించిన జత దొరకదు.

ఫ్రీమాంట్ కుర్రాడు | సోమవారం

నేను ఇక్కడే పుట్టాను, తెలుగు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే చెప్పండి. హైస్కూల్లో మా టీచర్ పౌరసత్వం కేసులతో మొదలుపెట్టారు. అప్పటిదాకా ఈ సబ్జెక్టు వేరేవాళ్ల గురించి అనుకునేవాణ్ని. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసు చదివిన రోజు అది మారింది. అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. తెల్లవాడు కాడు కాబట్టి పౌరుడు కాలేడు అన్నారు. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర తిరిగి లాక్కున్నారు.

తీర్పు ఫిబ్రవరిలో వచ్చింది. అదే 1923 అక్టోబరులో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో, తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలు చేశారు. 1946లో చట్టం మారేదాకా ఆయన పౌరసత్వం అడిగే దారే లేదు. 1948లో చనిపోయారు. ఈ రెండు తేదీలూ మా టీచర్‌కు నేనే చెప్పాను. ఆవిడ బోర్డు మీద రాసి పెట్టుకున్నారు.

యిక్ వో కేసు కూడా చెప్పండి టీచర్. 1886. శాన్ ఫ్రాన్సిస్కోలో చెక్క ఇళ్లలో లాండ్రీ నడపాలంటే పర్మిట్ కావాలన్నారు. చట్టంలో చైనా అన్న మాటే లేదు. కానీ 200 మంది చైనా వాళ్లు అడిగితే ఒక్కరికీ ఇవ్వలేదు, మిగతావాళ్లు 80 మంది అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. 14వ సవరణలో ఉన్నది "ఏ వ్యక్తికైనా" అని, పౌరుడికి అని కాదు అంది కోర్టు. కొలంబస్ ఆంటీ, మీ వీసా టెన్షన్‌కు ఇదే జవాబు. మీ బాబు కూడా వ్యక్తే.

కేరీ నుంచి | సోమవారం

మంచి చర్చ. కానీ నా భయం చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. టీచర్ గారు ఉద్యోగం చేసేది టెక్సాస్‌లో. ఇక్కడ పుట్టినా కొందరికి పౌరసత్వం రాదంటూ 2025 జనవరిలో ప్రెసిడెంటు ఆర్డర్ వచ్చింది, కోర్టులకెక్కింది. కాలేజీ అడ్మిషన్లలో జాతి చూడకూడదని 2023లో హార్వర్డ్ కేసు తీర్పు వచ్చింది, మనవాళ్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఇవన్నీ తెస్తే తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు రావూ? పైగా మాస్టారి పోస్టు చదివి ఎవరైనా కులం గురించి క్లాసులో మొదలుపెడితే? ఇక్కడ పుట్టిన మన పిల్లల్ని వాళ్ల స్నేహితులు "నీదే కులం" అని అడగడం మొదలవుతుంది. మా అబ్బాయిని అడిగారు. వాడు ఆ రోజు సరిగా భోజనం కూడా చెయ్యలేదు. అందుకే చెబుతున్నాను.

చీరాల మాస్టారు | సోమవారం

నాయనా, మీ అబ్బాయి బాధ నాకు అర్థమైంది. అలా అడగడం తప్పు, అడిగిన పిల్లలకు టీచరు అది చెప్పాలి. కానీ అడుగుతారేమోనని పాఠం ఆపలేం. మా చీరాల పక్కనే కారంచేడు. 1985 జులైలో అక్కడ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగాదాతో ఆరుగురు దళితుల్ని చంపేశారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి తలదాచుకున్నారు, నేను చూశాను. ఆ తర్వాత ఏడు నేను క్లాసులో 17వ అధికరణం చెప్పేటప్పుడు పిల్లల్లో ఇరువైపుల వాళ్లూ ఉన్నారు. భయపడుతూనే చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరినీ లేపి అడగలేదు. అధికరణం చదివించాను, చెరువు గురించి చెప్పాను.

పల్నాడు టీచర్ | మంగళవారం

కేరీ అన్నగారూ, మీరు అడిగింది న్యాయం. 2021 టెక్సాస్ చట్టం ప్రకారం ఇప్పుడు వివాదంలో ఉన్న అంశం చెప్పి తీరాలని టీచర్‌ను ఎవరూ బలవంతం చెయ్యలేరు. చెబితే మాత్రం నిష్పక్షపాతంగా, రాజకీయ మొగ్గు లేకుండా చెప్పాలి. నేను దాన్ని ఇలా పాటిస్తాను. పుట్టుకతో వచ్చే పౌరసత్వం గురించిన 14వ సవరణ మొదటి వాక్యం, అమెరికాలో చైనా తల్లిదండ్రులకు పుట్టినవాడు పౌరుడే అన్న 1898 వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు చదివిస్తాను. ఆర్డర్ ఏమంటోంది, దాన్ని ఆపిన జడ్జీలు ఏమన్నారు అని రెండు పేరాలు ఇస్తాను. నా అభిప్రాయం అడిగితే చెప్పను.

కులం విషయం నేనుగా తేను. పిల్లలెవరైనా అడిగితే చట్టం చూపిస్తాను: 1964 చట్టంలో ఉద్యోగాల భాగంలో జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం అని ఉంది, కులం అన్న మాట లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం తన వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే సభలు దాటి వెళితే, ఇప్పుడున్న చట్టాలే సరిపోతాయని గవర్నర్ వీటో చేశారు. అంతవరకే. ఏ పిల్లనూ, ఏ పిల్లాడినీ నువ్వు చెప్పు అని లేపను. మాస్టారు చెప్పిన ఆ ఒక్క జాగ్రత్త నేను రాసి పెట్టుకున్నాను.

పల్నాడు టీచర్ | రెండు వారాల తర్వాత

పాఠం ఎలా జరిగిందో చెబుతాను.

మొదటి రోజు నిర్వచనాలు లేవు. పొద్దున్నే మా బడిలో రెండు ప్లెడ్జులు ఉంటాయి, అమెరికా జెండాకు ఒకటి, టెక్సాస్ జెండాకు ఒకటి. తల్లిదండ్రులు రాసిస్తే చెప్పక్కర్లేదని రాష్ట్ర చట్టం. అవి అయిపోయి అందరూ కూర్చోగానే మైనర్స్‌విల్ అక్కాతమ్ముళ్ల కథ మొదలుపెట్టాను. అంతకు రెండు నిమిషాల ముందే వాళ్లు చేసిన పని గురించే కదా, ఒక్కరూ ఫోన్ ముట్టుకోలేదు. తర్వాత కేరళ కేసు చెప్పాను. "వాళ్ల జడ్జి మన తీర్పు చదివాడా?" అని ఒక అబ్బాయి ఆశ్చర్యపోయాడు. అప్పుడు వకీలు గారి రెండు ప్రశ్నలు బోర్డు మీద రాశాను.

గిడియన్ రోజు ఇంకా బాగా జరిగింది. ఫ్లోరిడా జైలు నుంచి ఆయన పెన్సిల్‌తో రాసిన పిటిషన్ కాపీ ప్రింటు తీసి బల్లకొకటి ఇచ్చాను. గీతల కాయితం, బడిపిల్లాడి రాత, అక్షర దోషాలు. లాయరు కావాలని అడిగితే కోర్టు ఒప్పుకోలేదని అందులో ఉంది. వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని అమ్మాయి "దీన్ని నిజంగా ఎవరైనా చదివారా?" అంది. చదివారు, తొమ్మిదిమంది జడ్జీలూ ఆయన వైపే చెప్పారు, మళ్లీ విచారణ జరిగితే లాయరు ఉన్నాడు కాబట్టి 1963 ఆగస్టులో నిర్దోషిగా బయటికొచ్చాడు అన్నాను. సుప్రీంకోర్టులో ఆయన తరఫున వాదించిన ఏబ్ ఫోర్టాస్ గారే తర్వాత జడ్జి అయి 1969లో టింకర్ తీర్పు రాశారు, వియత్నాం యుద్ధానికి నిరసనగా బడికి నల్ల పట్టీలు కట్టుకెళ్లిన పిల్లల కేసు. అలా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లాం.

తాళాల బొమ్మ ఇంకా బోర్డు మీదే ఉంది మాస్టారూ. ఫోటో పెడతాను.

నిన్న అదే లంచ్ కౌంటర్ ప్రశ్న మళ్లీ ఇచ్చాను. ఒక అమ్మాయి జవాబు: "ఫిర్యాదు దుకాణం మీద. 1960లో రాజ్యాంగం ఒక్కటే చాలదు. ఆ ఊళ్లో వేరుగా కూర్చోబెట్టమని ఆర్డినెన్సు ఉందా అని ముందు చూడాలి. 1964 జులై తర్వాతైతే చట్టం ఉంది." ఆర్డినెన్సు మెలిక నేను క్లాసులో చెప్పనేలేదు.

కొలంబస్ అమ్మ | అదే రోజు

టీచర్ గారూ, కళ్లలో నీళ్లొచ్చాయి. మా ఆయన ఒప్పుకున్నారు. రేపు బడికి ఉత్తరం ఇస్తున్నాం, మర్యాదగానే, ఒక పేజీ. వకీలు గారూ, బార్నెట్ తీర్పు తేదీ 1943 జూన్ 14 అనే కదా? తప్పు రాయకూడదని.

హన్మకొండ వకీలు | అదే రోజు

అదేనమ్మా. అమెరికాలో ఫ్లాగ్ డే జరుపుకునే రోజే ఆ తీర్పు ఇచ్చారు. ఉత్తరం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.